రిహార్సలు గదిలో ఒక నవ్వు

ఉగాదికి ఇంకా ఇరవై రోజులుంది. బళ్లారిలో మా సంఘం హాల్లో పిల్లల నాటకానికి రిహార్సలు జరుగుతోంది. పదిహేనేళ్ల కుర్రవాడొకడు తలుపు దగ్గర నిలబడి, లోపలికి వస్తున్న పెద్దమనిషిని "ఎక్కడికి వెళ్తున్నారండీ?" అని అడగాలి. ఆ సన్నివేశంలో వాడికున్నది ఆ ఒక్క మాటే. కంగారులో, ఇంట్లో అలవాటైనట్టుగా "యాడికి పోతాండారు?" అనేశాడు. గదంతా ఘొల్లుమంది. దర్శకత్వం చేస్తున్న నేను కూడా నవ్వాను.

మర్నాడు వాడు రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న మర్యాదగానే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "మావాడు ఇంక రాడు సార్. ఇంట్లో కూడా తెలుగు మాట్లాడేది మానేసినాడు. వాళ్లవ్వ పలకరిస్తే కన్నడంలో జవాబు చెప్తాండాడు" అన్నాడు.

నాలుగు తరాలుగా ఆ ఇంట్లో నిలిచిన భాషను మేం ఒక్క నవ్వుతో వాకిట్లోకి నెట్టేశాం. మన పిల్లలకు తెలుగు నిలవాలనే కదా ఇంత దూరాన సంఘాలు పెట్టుకుని నాటకాలు వేయిస్తున్నాం! పైగా మాదీ ఈ ఊరే. మా అవ్వ మాట్లాడిన తెలుగు కూడా అదే. ఎవరి మాటకు నవ్వానో తలచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ ఊరి నాటకం

బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రంలో చేరింది. అంతకు చాలా ముందే ఇది తెలుగు నాటకానికి పుట్టినిల్లుల్లో ఒకటి. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపింది ఇక్కడే. రామకృష్ణమాచార్యుల మేనల్లుడే బళ్లారి రాఘవ. వృత్తికి వకీలు, పేరు తెచ్చింది మాత్రం రంగస్థలం. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, వారిని రంగం మీదికి ఆహ్వానించిన మనిషి ఆయన. నాటకమాడే స్త్రీని లోకం చిన్నచూపు చూసే రోజులవి. తోటి నటికి గౌరవం దక్కనిచోట నాటకం నిలవదని ఆయన నడత చెబుతుంది. 1946లో ఆయన కన్నుమూశారు. ఈ ఊళ్లో నాటకం నేర్పుతున్న మాకు ఆ గుణం కూడా వారసత్వంగా రావద్దా?

సురభి వారిని చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ సమాజంలో కుటుంబమే నాటక బృందం. వేషం వేసినవారే తెరలు, సామాన్లు, దీపాల పనికీ చెయ్యి వేస్తారు. అలాంటిచోట ఒకరి తడబాటు అందరి తడబాటే. దాన్ని సర్దడమే తప్ప ఎగతాళి చేసే తీరికెక్కడ?

క్రమశిక్షణ అంటే

మేం ఇన్నాళ్లూ క్రమశిక్షణ అంటే వేళకు రావడం, మాటలు కంఠస్థం చేయడం, పెద్దలకు ఎదురు చెప్పకపోవడం అనుకున్నాం. అవి కావలసినవే. కానీ వేళకు వచ్చిన పిల్లలే ఆ రోజు నవ్వారు. నటన అంటే పరకాయ ప్రవేశం అంటారు. హరిశ్చంద్రుడి మనసులోకి వెళ్లగలననుకునే కుర్రవాడు, పక్కన తలవంచుకున్న స్నేహితుడి మనసులోకి వెళ్లలేకపోతే నేర్చుకున్నదేమిటి? పాత్ర సంతోషిస్తే సంతోషించి, దుఃఖిస్తే తానూ దుఃఖించేవాడే సరైన ప్రేక్షకుడని భరతుడి నాట్యశాస్త్రం చెబుతుంది. రిహార్సలు గదిలో మన మొదటి ప్రేక్షకులు తోటి నటులే.

ఆ కుర్రవాడి ఇంటినుంచి తిరిగివచ్చి పిల్లలందరినీ చాపల మీద కూర్చోబెట్టాను. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. కాసేపటికి, ఆ రోజు మొదట నవ్విన అమ్మాయే నోరు విప్పింది. గుంటూరు వైపునుంచి వచ్చి రెండేళ్లయిందట. బడిలో తన కన్నడం విని తరగతంతా నవ్వినప్పుడు ఇంటికి వచ్చి ఏడ్చిందట. "అదే పని నేనూ చేశాను సార్" అంది.

ఆ సాయంత్రం పిల్లలే కూర్చుని కొన్ని నియమాలు రాసుకున్నారు. ఇతర ఊళ్ల సంఘాలకు పనికొస్తాయని ఇక్కడ ఇస్తున్నాను.

1. ఎవరి యాసకూ నవ్వకూడదు. పాత్రకు వేరే పలుకుబడి కావాలంటే నేర్పాలి, వెక్కిరించకూడదు.

2. ఒకరు మాట మరిచిపోతే పక్కవారు అందించాలి. తప్పు చెప్పవలసి వస్తే దర్శకుడు విడిగా పిలిచి చెప్పాలి.

3. లావుగా ఉన్నవాడికి ఎప్పుడూ ఘటోత్కచుడు, నల్లగా ఉన్న అమ్మాయికి ఎప్పుడూ పనిమనిషి వేషం ఇవ్వకూడదు.

4. రిహార్సల్లో సెల్‌ఫోనుతో వీడియో తీయకూడదు. ఒకరి పొరపాటు వాట్సాప్‌లో ఊరంతా తిరగకూడదు.

5. చెయ్యి పట్టుకోవడం, తోయడం, కొట్టడం వంటివి సన్నివేశంలో ఉంటే, ముందుగా ఎదుటివారిని అడగాలి. వద్దంటే మరో విధంగా చూపాలి.

6. ఏ వేషమూ చిన్నది కాదు. తెర లాగేవారి పేరు కూడా చివర్లో చదవాలి.

పెద్దలం మేం ఇంకొకటి చేర్చాం. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేషాలు మార్చుకునే గదులు వేరుగా ఉండాలి. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి. ఎవరి ప్రవర్తనైనా ఇబ్బందిగా అనిపిస్తే పిల్లలు భయపడకుండా ఎవరికి చెప్పుకోవాలో ముందే తెలిసి ఉండాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను లైంగిక వేధింపులనుంచి కాపాడేందుకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. తెలిసినవారే కదా అని కళ్లు మూసుకోవడం మంచితనం కాదు.

తర్వాత ఏమైంది?

ఆ అమ్మాయి, మరో ఇద్దరు పిల్లలు కలిసి వాళ్లింటికి వెళ్లారు. వాడు తిరిగి వచ్చాడు గానీ వేషం వేయనన్నాడు. బలవంతపెట్టలేదు. ఆ ఉగాదికి తెర లాగాడు. చివర్లో వాడి పేరు చదివితే హాలంతా చప్పట్లు కొట్టింది. వాడు మాత్రం తెర వెనకే ఉండిపోయాడు. గాయం చేయడానికి క్షణం చాలు, మానడానికి ఏడాది పట్టింది. మరుసటి ఉగాదికి, తనంతట తనే, ఊరి రైతు వేషం అడిగాడు. రైతు మాటలు వాడి ఇంటి తెలుగులోనే రాశాం. ముందు వరసలో కూర్చున్న వాళ్లవ్వ, మనవడి ప్రతి మాటకూ తలూపుతూనే ఉంది.

తల్లిదండ్రులారా, ఈసారి మీ పిల్లలు రిహార్సలునుంచి రాగానే "నీ వేషం ఏమిటి?" అని అడగండి. దాంతోపాటు "ఈరోజు ఎవరైనా తడబడ్డారా? అప్పుడు నువ్వేం చేశావు?" అని కూడా అడగండి.