కాపలా కుక్కకు కోపం ఎందుకొస్తుంది?

పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు ఆరబోసిన చోట, టెక్కలిలో ఇళ్ళ గేట్ల వెనుక, ఉద్దానం కొబ్బరితోటల్లో కాపలా కుక్కల్ని మీరు చూసే ఉంటారు. వాటిలో ఎక్కువ భాగం మన ఊరి కుక్కలే. మాస్టిఫ్, గ్రేట్ డేన్ వంటి భారీ జాతుల్ని పెంచేవారు కూడా ఉన్నారు. ఇంగ్లీషు మాస్టిఫ్ మగకుక్క 70 కిలోలు దాటుతుంది. అంటే మీలో చాలామంది కంటే ఎక్కువ బరువన్నమాట! అటువంటి కుక్క నిన్నటిదాకా సాధువుగా ఉండి, ఇవాళ ఇంటివాళ్ళ మీదికే దూకితే, “ఆ జాతే అంత” అనేస్తారు.

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 23 జాతుల కుక్కల అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపమని రాష్ట్రాలకు రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. చట్టం సంగతి అలా ఉంచి, కుక్క శరీరంలో ఏం జరుగుతుందో చూద్దాం.

నొప్పి వెనుక లెక్క

ఒక జంతువు పొడవు, వెడల్పు, ఎత్తు రెండింతలైతే దాని బరువు ఎనిమిదింతలవుతుంది. కాని ఎముక అడ్డుకోత వైశాల్యం నాలుగింతలే పెరుగుతుంది. అంటే ఎముకలోని ప్రతి చదరపు సెంటీమీటరు మీద భారం రెట్టింపు! భారీ జాతుల్లో తుంటికీలు జబ్బులు ఎక్కువగా కనిపించడానికి ఈ బరువు కూడా ఒక కారణం. కీలు నొప్పిగాని, చెవిపోటుగాని ఉన్న కుక్కను తాకితే కరవవచ్చు. తనకు నొప్పిగా ఉందని అది నోటితో చెప్పలేదు కదా!

భారీ కుక్కలు పూర్తిగా ఎదగడానికి రెండేళ్ళ దాకా పడుతుంది. కాపలా బుద్ధి బలపడేదీ ఆ వయసులోనే. చిన్నప్పుడు మనుషులతో మసలనివ్వక, ఎప్పుడూ గొలుసుకు కట్టి ఉంచిన కుక్కకు కొత్తవాళ్ళంటే భయం. ఆ భయమే కోపంగా మారుతుంది.

ఎర్రదీపం

నిజానికి కోపం హఠాత్తుగా రావడం అరుదు. ముందు ఒళ్ళు బిగుసుకుంటుంది. చూపు నిలిచిపోతుంది. పై పెదవి లేస్తుంది. తరువాత గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు దాన్ని కొట్టారనుకోండి, గుర్రుమనడం మానుతుందే కాని కోపం పోదు. ఈసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. ఎర్రదీపం ఆర్పేస్తే రైలు ప్రమాదం తప్పుతుందా?

కాబట్టి మంచి కుక్క మారిపోయిందంటే, కర్ర తీయకుండా పశువైద్యుడికి చూపించాలి. ఆలోగా ఎవరూ దాని దగ్గరికి పోకుండా, ముఖ్యంగా పిల్లలు పోకుండా, వేరుగా ఉంచాలి. రేబిస్ వచ్చినా ప్రవర్తన ఇలాగే మారవచ్చు. ఆ వైరస్ నరాల వెంట మెదడుకు చేరుతుంది. లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. 1885 జూలైలో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ బాలుడికి టీకా వేసి కాపాడాడు. ఆనాటి నుంచి మనకు దారి ఉంది. ఆలస్యం చేయకపోవడమే ముఖ్యం.

మీరేం చేయాలి?

కుక్క ఎదురొస్తే పరుగెత్తవద్దు, కళ్ళలోకి చూడవద్దు. చేతులు ఒంటికి ఆనించి చెట్టులా నిలబడండి. తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క జోలికి పోవద్దు. కరిస్తే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పూయవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, చెప్పిన తేదీల్లో అన్ని మోతాదులూ వేయించుకోండి. చిన్న గీరుడైనా సరే, అమ్మానాన్నల దగ్గర దాచవద్దు.

మీ వీధి కుక్కను వారం రోజులు దూరం నుంచే గమనించండి. చెవులు, తోక, పెదవి ఎప్పుడెలా ఉన్నాయో నోటుపుస్తకంలో రాయండి. దాని భాష మీకే తెలుస్తుంది.