చిన్న వ్యాపారి వెబ్‌సైటు - స్పష్టత ఆవశ్యకత

వ్యాపారానికి నమ్మకమే మూలధనం. అంగడిలో ఆ నమ్మకం ముఖాముఖిగా కలుగుతుంది. కొనేవారు సరుకును తాకి చూస్తారు, ధర అడుగుతారు, బేరమాడుతారు, సందేహం తీరిన పిమ్మటనే సొమ్ము చెల్లిస్తారు. వెబ్‌సైటులో అట్టి అవకాశం లేదు. అక్కడ వ్యాపారికి బదులుగా అతడు వ్రాసి ఉంచిన మాటలే జవాబు చెప్పవలె. ఆ మాటలు అస్పష్టంగా ఉన్నచో వచ్చినవారు ఒక్క ప్రశ్న అయినా అడగకుండానే మరలిపోతారు. వారు వచ్చి వెళ్ళిన సంగతి కూడ వ్యాపారికి తెలియకపోవచ్చును.

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు ఈ విషయం ఎంతో ముఖ్యమైనది. గద్వాల చీర, వనపర్తి వేరుశనగ, కొల్లాపూర్ మామిడి పేరు పొందిన సరుకులు. అయితే పేరు వినడం వేరు, సరుకును ఎరిగి కొనడం వేరు. ఈ రెండింటి నడుమ నున్న దూరాన్ని తగ్గించుటే వెబ్‌సైటు పని.

గద్వాల చీరనే ఉదాహరణగా తీసికొందాము. "సుప్రసిద్ధ గద్వాల చీరలు మా వద్ద లభించును" అన్న వాక్యం దూరదేశంలోని కొనుగోలుదారుకు ఏమీ చెప్పదు. సంప్రదాయమైన గద్వాల చీరలో నడిమి భాగం నూలు. అంచులు, కొంగు పట్టు, జరీ. అంచు పోగును నడిమి పోగును మగ్గం మీదనే ఒకదానితో నొకటి పెనవేసి నేసే విధానాన్ని కుప్పడం అంటారు. నేడు పూర్తి పట్టు చీరలు, నూలూ పట్టూ కలిసిన సీకో చీరలు కూడ నేస్తున్నారు. కనుక ప్రతి చీర ఎదుట ఈ వివరాలు ఉండవలె: నూలా, పట్టా, సీకోనా; చేమగ్గమా, మరమగ్గమా; జరీ ఏ రకము; పొడవు ఎంత; రవికె గుడ్డ ఉన్నదా; ఎట్లు ఉతకవలె; ధర ఎంత. చిత్రాలలో చీర నిండుగా ఒకటి, అంచు దగ్గరగా ఒకటి, వెనుక వైపు ఒకటి చూపినచో నేత పనితనం చూసేవారికే బోధపడుతుంది.

ఇది కేవలం అలంకారం కాదు. పనితనం తెలియని కంటికి చేనేత చీరయు, దానిని పోలిన యంత్రపు నకలూ ఒక్కటే. రెండింటిలో చౌకైనదే అమ్ముడు పోతుంది. నష్టపోయేది నేతగాని కూలి. గద్వాల చీరలకు భౌగోళిక గుర్తింపు లభించి ఉన్నది. చేనేత గుర్తు 2006 నుండి అమలులో ఉన్నది. తన సరుకుకు ఇట్టి గుర్తింపు వాడుకొనే హక్కు గల వ్యాపారి ఆ సంగతి పుటలో చెప్పవలె. హక్కు లేనివాడు చెప్పరాదు.

స్పష్టత చట్టం కోరేది కూడ. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాల ప్రకారం అంతర్జాలంలో సొంత సరుకు అమ్మే సంస్థ తన పేరు, చిరునామా, సంప్రదించే మార్గం చూపవలె. అన్ని రుసుములూ కలిపిన మొత్తం ధరను, దాని విభజనను తెలుపవలె. సరుకు చేరవేత, వాపసు, మార్పిడి షరతులు చెప్పవలె. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించవలె. "ధరకు ఫోను చేయండి" అని వ్రాసి ఊరకుండుట మర్యాదకూ, నియమానికీ కూడ దూరం.

ఇక భాష. మన జిల్లాలలో తెలుగు, ఉర్దూ రెండూ అంగడి భాషలే; పరదేశపు కొనుగోలుదారుకు ఆంగ్లం కూడ కావలె. మూడు భాషలను ఒకే పుటలో కలగాపులగం చేయక, దేనికి దానికి వేరు పుట ఏర్పరచుట మేలు. ఉర్దూ పుట కుడి నుండి ఎడమకు సాగేటట్లు అమర్చవలె. అక్షరాలను బొమ్మగా అతికించరాదు. యూనికోడులో వ్రాసినచో వెదికేవారికి దొరుకుతుంది, చూపు లేనివారికి యంత్రం చదివి వినిపించగలదు. అధిక సంఖ్యాకులు చూచేది చేతిలోని ఫోనులోనే కనుక చిత్రాలు తేలికగా, అక్షరాలు పెద్దవిగా ఉండవలె.

పుట సిద్ధమైన తరువాత ఒక పరీక్ష అవసరం. ఆ వ్యాపారం ఎరుగని ఒకరికి దానిని చూపి, "ఇక్కడ ఏమి అమ్ముతారు? ధర ఎంత? ఎట్లు తెప్పించుకొనవలె?" అని అడగవలె. వారు వెంటనే చెప్పలేకపోయినచో లోపం వారిది కాదు, పుటది.

విద్యార్థులారా! రెండు భాషల చదువు మీ చేతిలో ఉన్నది. మీ వీధిలోని ఒక నేతకారుడికో, గానుగ నూనె అమ్మే వ్యాపారికో ఒక్క పుట తెలుగులోనూ, ఉర్దూలోనూ శుద్ధంగా వ్రాసి ఇవ్వండి. కళాశాల పాలకవర్గం వారు ఏటేటా ఇట్టి కార్యానికి కంప్యూటరు గదిని, కొంత సమయాన్ని కేటాయించినచో చదివిన చదువు ఊరికి అక్కరకు వస్తుంది.