స్పార్టా నాన్నలు రాత్రి భోజనం ఇంట్లో ఎందుకు చేసేవారు కాదు?

ప్రాచీన గ్రీసులోని స్పార్టాలో పెళ్లయినా సరే, మగవాళ్లు రాత్రిపూట ఇంట్లో తినేవారు కాదు. ఎందుకో తెలుసా? యుద్ధంలో పక్కపక్కన నిలబడాల్సిన వాళ్లు రోజూ కలిసి తినాలన్నది అక్కడి కట్టుబాటు. పంది మాంసం, నెత్తురు, వెనిగర్ వేసి కాచిన నల్లటి పులుసు వాళ్లకు ఇష్టమైన వంటకం!

మన హాస్టల్ మెస్ బిల్లులాగా ఎవరి వాటా వాళ్లు ఇవ్వాలి: నెలనెలా బార్లీ, వైన్, జున్ను, అంజీర పండ్లు. ఇవ్వలేకపోతే పౌరహక్కులే పోయేవి.

మరి 7 ఏళ్లకే శిక్షణకు వెళ్లి, 60 ఏళ్ల దాకా సైనికుడిగా ఉండేవాడు పొలం ఎప్పుడు దున్నుతాడు? దున్నేది అతను కాదర్రా, హెలట్లు అనే బానిస రైతులు. వీరగాథల్లో వీళ్ల ఊసు పెద్దగా ఉండదు. అది అన్యాయం.

భూములు కొందరి చేతుల్లోకి పోయేకొద్దీ వాటా ఇవ్వలేనివాళ్లు పెరిగారు, పౌర సైనికులు తగ్గిపోయారు. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా దగ్గర స్పార్టా ఓడిపోయినప్పుడు, దాని సైన్యంలో పూర్తి హక్కులున్న పౌరులు సుమారు 700 మందే.