వెలుగునకు అరుదైన లోహము వలయునా?

నేడు అనేకుల చేతిఫోనులకు ఓలెడ్ తెరలు గలవు. ఈ తెరలో కాగి వెలుగు తీగ లేదు; వెనుక వేరొక దీపమును లేదు. వెండ్రుకకంటె ఎంతో పలుచనైన కర్బనపదార్థపు పొరలే విద్యుత్తు ప్రవహించినంతనే స్వయముగా వెలుగుచున్నవి. ఇట్టి పొరలతో పనికివచ్చు దీపమును 1987లో టాంగ్, వాన్ స్లైక్ అనువారు అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ సంస్థయందు నిర్మించిరి.

అయితే ఆ దీపములో విద్యుచ్ఛక్తి అధికభాగము వ్యర్థమయ్యెడిది. కారణ మిది. విద్యుత్తుచే ఉత్తేజితములైన అణువులలో నూటికి 25 ఏకస్థితి యను మెట్టుపై నిలిచి, వెంటనే కాంతి నిచ్చును. తక్కిన 75 దానికి దిగువనున్న త్రికస్థితి యను మెట్టుపై చిక్కి, తమ శక్తిని వేడిమిగా పోగొట్టుకొనును. నాలుగు కుండల నీరు తోడి మూడు కుండలు నేలపాలు చేసినట్లే గదా!

1998లోను, 1999లోను ఫారెస్ట్, థాంప్సన్ ప్రభృతులు మొదట ప్లాటినము, పిమ్మట ఇరిడియము గల అణువులను వాడి ఆ మూడు కుండలను దక్కించిరి. బరువైన లోహపరమాణువు త్రికస్థితినుండి కూడ కాంతిని రాబట్టగలదు. కాని ఇరిడియము భూమిపొరలో మిక్కిలి అరుదు. ప్లాటినమును త్రవ్వునపుడు దానితోపాటు కొద్దిగా లభించును. అందును అధికభాగము దక్షిణాఫ్రికానుండియే వచ్చుచున్నది. ఒక్క తెరకు వలయునది రవంతయే. అయినను ఇంటింట వెలుగవలసిన దీపమును ఇట్టి లోహముపై ఆధారపరచుట క్షేమము కాదు.

2012లో జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయమున చిహాయ అదాచి బృందమువారు వేరొక త్రోవ చూపిరి. వారు లోహ మేమియు లేక, కర్బనము, ఉదజని, నత్రజని మాత్రమే గల అణువులను కూర్చిరి. అందు ఎలక్ట్రాను నిచ్చు భాగమును, పుచ్చుకొను భాగమును ఒకదానికొకటి మెలితిరిగి యుండుటచే రెండు మెట్ల నడిమి ఎత్తు మిక్కిలి తగ్గెను. అంతట పరిసరములలోని వేడిమియే దిగువ చిక్కినవానిని పైమెట్టున కెక్కించును. అవియు కాంతి నిచ్చును. ఆకుపచ్చ వెలుగులో ఈ దీపము ఇరిడియపు దీపముతో సరితూగెను.

మిగిలిన చిక్కు నీలివెలుగు. దాని శక్తి హెచ్చు. త్రికస్థితిలో చిరకాలము నిలిచిన అణువులలో ఒకదాని శక్తి మరొకదానిపై బడిన, బంధములు తెగి పదార్థము చెడును. కావున మేము చెప్పబూనిన దొక్కటే: ముడిసరుకు చౌకయైనంతమాత్రమున దీపము చౌక కాదు. వెలతోపాటు దాని ఆయువును గూడ లెక్కింపవలెను. నీలివెలుగు దీర్ఘాయువు పొందిననాడే లోహము లేని దీపము సామాన్యుని యింటి దీపమగును.