కవచం ఒక్కటే చాలునా?

ఉక్కు కర్మాగారంలో ప్రమాదమనగానే మన కళ్ల ఎదుట మెదిలేవి కరిగిన ఇనుము, ఎగిసిపడే నిప్పురవ్వలు. కాని 2014 జూన్ 12న భిలాయిలో ఆరుగురిని బలిగొన్నది కంటికి కానరాని ఒక వాయువు.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసినది ఈ కర్మాగారం. దీని మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి తరలివచ్చిన వారిలో తెలుగువారూ ఉన్నారు. గట్టి టోపీ, దళసరి బూట్లు, చేతొడుగులు, రంగు కళ్లద్దాలు ఇటువంటి కొలుముల వద్ద పనిచేసేవారికి నిత్యాలంకారాలు. పైనుంచి జారిపడే ఇటుకను, చిందే లోహాన్ని అవి అడ్డుకోగలవు.

అయితే ఫర్నేస్ నుంచి వెలువడే వాయువులో ఇంచుమించు నాలుగోవంతు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకన్న 200 రెట్లకు పైగా బలంగా దానిని పట్టుకుంటుంది. ఆనాడు పంపుహౌస్‌లో నీటి ఒత్తిడి పడిపోవడంతో, నీరు ప్రవహించవలసిన గొట్టం గుండా ఈ వాయువు వెనుకకు మళ్లింది. మృతులలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. విషవాయువుకు చిన్నా పెద్దా తారతమ్యం లేదు. దాని ముందు తలమీది టోపీ నిరుపయోగం. ఉనికిని పసికట్టే యంత్రం, శ్వాసకు వేరుగా గాలినందించే పరికరం కావాలి.

ఈ విషయంలో అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్ర చక్కని పాఠం చెబుతుంది. తోలు టోపీల స్థానంలో గట్టి ప్లాస్టిక్ హెల్మెట్లు వచ్చాక, ఆటగాళ్లు తలనే ఆయుధంగా చేసుకుని ఎదుటివారిని ఢీకొనసాగారు. 1968లో ఆటలో తగిలిన గాయాలవల్ల 36 మంది మరణించారు. 1976లో తలతో ఢీకొనడాన్ని నిషేధించారు. హెల్మెట్లకు ప్రమాణాలూ నిర్ణయించారు. మరణాలు తగ్గుతూ వచ్చి, 1990లో అటువంటి మరణం ఒక్కటీ లేకపోయింది. అయినా పుర్రె లోపల మెదడు కుదుపును హెల్మెట్ పూర్తిగా ఆపలేదని ఆ తరువాతి పరిశోధనలు తేల్చాయి.

భిలాయికి మరో హెచ్చరిక 2018 అక్టోబరు 9న ఎదురైంది. కోక్ ఓవెన్ గ్యాస్ గొట్టం మరమ్మతు వేళ మంటలు చెలరేగి పదిమందికి పైగా అసువులు బాశారు.

అందుకే భద్రతా శాస్త్రం కవచానికి చివరి స్థానమిచ్చింది. ముందు ప్రమాదకారణాన్ని తొలగించాలి. అది సాధ్యం కానప్పుడు యంత్రాలతో అదుపు చేయాలి. పనికి నియమాలు విధించాలి. ఇవన్నీ దాటి వచ్చిన ముప్పును ఎదుర్కొనడానికే కవచం. దానిని ధరించడం కార్మికుని బాధ్యత; దాని అవసరం రాకుండా చూడడం యాజమాన్యం బాధ్యత.