ముడతల ఇంజెక్షన్: నెలకు సంతోషం.. మరి నాలుగు నెలలకు?

తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల దుమ్ము ఒకవైపు, ఎండ ఒకవైపు. ఎండలో ఏళ్ల తరబడి పనిచేస్తే నుదుటి మీద, కళ్ల పక్కన గీతలు తొందరగానే పడతాయి. షాదీల సీజన్ వస్తే చాలు, 'బొటాక్స్ వేయించుకుంటే పోతాయట కదా' అనే మాట ఇప్పుడు వికారాబాద్, తాండూరు ఇళ్లల్లో కూడా వినిపిస్తోంది. నిజంగా పోతాయా? కొన్ని పోతాయి, అదీ కొన్నాళ్లే.

బొటాక్స్ అనేది ఒక బ్రాండ్ పేరు. అసలు మందు బొటులినమ్ టాక్సిన్ టైప్ ఎ. మొదట్లో మెల్లకన్ను సరిచేయడానికి వాడారు. నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఇది ఆపేస్తుంది. కండరం ముడుచుకోదు కాబట్టి పైనున్న చర్మం సాఫ్‌గా కనిపిస్తుంది. మూడు నాలుగు రోజుల్లో మొదలై రెండు వారాలకు పూర్తి ప్రభావం వస్తుంది.

కనుబొమల మధ్య గీతలకు అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. దానికి ఆధారమైన పరీక్షల్లో 405 మందికి మందు, 132 మందికి ఉత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్లలో ముఖం మెరుగైందని తమంతట తాము చెప్పినవాళ్లు 30వ రోజుకు 89 శాతం. 120వ రోజుకు 39 శాతమే. క్లినిక్ వాళ్లు 'అందరూ హ్యాపీ' అంటే, ఏ రోజు లెక్క చెప్తున్నారో అడగాలి. మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ పైసలు కట్టాల్సిందే. నేను కామర్స్ చదివినోణ్ణి, నాకైతే ఇది ఒకసారి ఖర్చులా కాదు, ఈఎంఐలా కనిపిస్తుంది.

అసంతృప్తి ఎక్కువగా ఎక్కడ వస్తుందంటే, ఆశించింది ఒకటి, మందు చేసేది ఇంకొకటి అయినప్పుడు. నవ్వినప్పుడు, చిట్లించినప్పుడు పడే గీతలకే ఇది బాగా పనిచేస్తుంది. ఎండకు నల్లబడ్డ చర్మానికి, జారిన బుగ్గలకు, ముఖం కదలకపోయినా కనిపించే లోతైన గీతలకు పెద్దగా లాభం ఉండదు. ముక్కు పక్కన మడతలకు వేసేది ఫిల్లర్, అది వేరే మందు. పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు. అందుకే పార్లర్‌లో 'సగం ధరకే' అంటే వద్దనే చెప్తాను. స్కిన్ డాక్టర్ దగ్గరికే పోవాలి.

కనుబొమల మధ్యకు బొటాక్స్ లేబుల్ మీదున్న డోసు 20 యూనిట్లు. యూనిట్ల లెక్క బ్రాండ్‌ను బట్టి మారుతుంది. ఏ బ్రాండ్, ఎన్ని యూనిట్లు అని అడిగి, సీసా చూసి, బిల్లు తీసుకోండి. వైద్యానికి ఉన్న జీఎస్టీ మినహాయింపు అందం కోసం చేసే సర్జరీలకు వర్తించదు. చెప్పిన రేటులో పన్ను కలిసిందో లేదో ముందే తేల్చుకోవడం మంచిది. హైదరాబాద్‌లో వేయించుకుంటే రెండు వారాల తర్వాత చూపించుకోవడానికి తాండూరు నుంచి మళ్లీ రైలెక్కాలి, ఆ ఖర్చు కూడా కలపండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్తీనియా గ్రావిస్ లాంటి కండరాల బలహీనత జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. బొటాక్స్‌లో మనిషి రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ఉంటుంది, ఆ విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

కొందరికి కనురెప్ప వాలిపోతుంది. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది గానీ, నిఖా ఫోటోల్లో మాత్రం ఉండిపోతుంది. కాబట్టి షాదీకి కనీసం నెల ముందే వేయించుకోండి, వారం ముందు వద్దు. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాలి.