స్టెయిన్‌లెస్ పూత స్టెయిన్‌లెస్ షాఫ్టు కాదు
కొలత వస్తుంది గాని బలం రాదు

సికిందరాబాదు: అరిగిన పంపు షాఫ్టుతో రాణీగంజ్ మార్కెట్‌కు వచ్చేవారికి రెండు మార్గాలున్నాయి. కొత్త స్టెయిన్‌లెస్ షాఫ్టు కొనడం ఒకటి. పాత మైల్డ్ స్టీల్ షాఫ్టుపైనే స్టెయిన్‌లెస్ స్టీల్ స్ప్రే చేయించి, లేతుపై కొలతకు తెచ్చుకోవడం రెండవది. ఈ రెండూ పేరుకు ఒకే లోహం. గుణానికి మాత్రం వేరు.

పొరల నిర్మాణం

స్ప్రే తుపాకీలో కరిగిన తీగ లేక పొడి తుంపరలుగా షాఫ్టుకు తగిలి, చదునై, క్షణంలో గట్టిపడుతుంది. ఇలా పేరుకున్న పొరల మధ్య సన్నని రంధ్రాలు, ఆక్సైడు చారలు మిగులుతాయి. 304 రకం ఉక్కులో సుమారు 18 శాతం క్రోమియం ఉంటుంది. తుప్పును ఆపేది అదే. స్ప్రేలో అందులో కొంత ఆక్సైడుగా మారడంతో ఆ మేరకు రక్షణ తగ్గుతుంది. ఆక్సైడు వల్ల పూత గట్టిపడుతుంది, పెళుసుగానూ మారుతుంది.

అసలు చిక్కు

జింకు పూత తాను తరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. స్టెయిన్‌లెస్ పూత తీరు ఇందుకు విరుద్ధం. రంధ్రాల గుండా నీరు దిగితే ముందు తినేసేది అడుగునున్న మైల్డ్ స్టీలునే. పైన మెరుపు తగ్గదు. లోపల తుప్పు పెరిగి పూత పెచ్చులుగా ఊడుతుంది. అందుచేత తడిలో పనిచేసే భాగాలకు రంధ్రాలు మూసే సీలర్ అవసరం.

పద్ధతి, రకం

ఫ్లేమ్, ఆర్క్ పద్ధతులలో రంధ్రాలు 10 శాతం వరకు ఉండవచ్చు. హెచ్.వి.ఒ.ఎఫ్. పద్ధతిలో పొడి సెకనుకు 500 మీటర్లకు మించిన వేగంతో తగులుతుంది గనుక రంధ్రాలు 1, 2 శాతానికి తగ్గుతాయి. ఖర్చు మాత్రం ఎక్కువ. హైదరాబాదు బాలాపూర్‌లోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రం డిటోనేషన్ స్ప్రే వంటి పద్ధతులపై పనిచేస్తున్నది. ఇందులో గ్యాసు పేలుడుతో పొడిని చిమ్మి దట్టమైన పూత వేస్తారు.

బేరింగు కూర్చునే చోట మందపు పూతకు 13 శాతం క్రోమియం గల 420 రకం అనువైనది. చల్లారేటప్పుడు ఇది తక్కువగా కుంచించుకుపోతుంది. తుప్పు భయం ఉన్నచోట మాలిబ్డినం కలిసిన 316 మేలు.

కొనుగోలుదారు అడగవలసినవి

ఏ రకం, ఏ పద్ధతి, ఎంత మందం, గ్రిట్ బ్లాస్టింగ్ చేశారా, సీలర్ వేశారా అన్నవి బిల్లుపై రాయించుకోవాలి. పూతకు పట్టు చాలావరకు గరుకు ఉపరితలం వల్లనే. పగులు పడిన షాఫ్టుకు ఏ పూతా మందు కాదు. దానికి కొత్త షాఫ్టే శరణ్యం.